ఆకులో జింక్, ఐరన్ ఎంతుందో చూడాలంటే శాంపిల్‌ను ఎలా తయారు చేసుకోవాలి?

"సార్, వరి ఆకులో జింక్ 90 పీపీఎం వచ్చింది. చేనేమో తుప్పు మచ్చలతో గిడసబారి ఉంది. మెషిన్ పాడైందంటారా?"

చేను చూస్తే జింక్ లోపం, రిపోర్టు చూస్తే జింక్ ఎక్కువ. నాట్లు పడిన నెల రోజులకు ఈ ప్రశ్న మొదలవుతుంది. అడిగేది ఎమ్మెస్సీ అగ్రికల్చర్ పిల్లలు కావచ్చు, కొత్తగా ల్యాబ్‌లో చేరిన టెక్నీషియన్లు కావచ్చు. మెషిన్ చాలాసార్లు బాగానే ఉంటుంది. తేడా అంతకుముందే వచ్చేసి ఉంటుంది. ఆకు కోసిన చేతి నుంచో, కడిగిన బకెట్ నుంచో, పొడి చేసిన మిక్సీ నుంచో వస్తుంది. అందుకే ఈసారి ఒక్కొక్కరికి విడిగా చెప్పకుండా మొత్తం పద్ధతి రాసి పెడుతున్నాను.

ముందు ఒక చిన్న లెక్క చూడండి. మనం డైజెషన్‌కు, అంటే యాసిడ్‌లో ఉడికించి కరిగించడానికి, తీసుకునేది అర గ్రాము ఆకు పొడి. అందులో జింక్ 20 పీపీఎం (గ్రాముకు 20 మైక్రోగ్రాములు) ఉందనుకుంటే, ఆ అర గ్రాములో ఉన్న మొత్తం జింక్ 10 మైక్రోగ్రాములు. జి.ఐ. (జింక్ పూత వేసిన ఇనుప) బకెట్ అంచు నుంచి రాలిన పూత ముక్క ఒక్క మిల్లీగ్రాము ఉన్నా, అందులో జింక్ దాదాపు 1000 మైక్రోగ్రాములు. ఐరన్ సంగతి ఇంకా కష్టం. ఎర్రమట్టిలో ఇనుము 4 శాతం ఉందనుకోండి. అర గ్రాము పొడిలో 5 మిల్లీగ్రాముల మట్టి దుమ్ము కలిస్తే చాలు, ఫలితం 400 పీపీఎం పెరిగిపోతుంది. నిజంగా ఆకులో ఉన్నది 100 పీపీఎం అయితే రిపోర్టులో 500 పడుతుంది. ఈ రెండు అంకెలు మనసులో ఉంటే, కింద చెప్పే జాగ్రత్తలు చాదస్తంగా అనిపించవు.

ఈ పద్ధతి జింక్, ఐరన్, మాంగనీస్, కాపర్, కాల్షియం, మెగ్నీషియం, పొటాష్, భాస్వరాలకు పనికొస్తుంది. నత్రజనికి పనికిరాదు. నైట్రిక్ యాసిడ్ పోశాక అందులో నత్రజని కొలవడంలో అర్థం లేదు, దానికి కెల్దాల్ పద్ధతి విడిగా చేయాలి. బోరాన్‌కూ ఇది వద్దు. వేడి యాసిడ్‌లో బోరాన్ కొంత ఎగిరిపోతుంది, పైగా బోరోసిలికేట్ గాజు నుంచి కొంత దిగుతుంది. పాదరసం, ఆర్సెనిక్, సెలీనియం కావాలంటే మూత ఉన్న మైక్రోవేవ్ పాత్రల్లోనే చేయించండి.

కావలసినవి

- గాలి ఆడేలా రంధ్రాలు చేసిన బ్రౌన్ పేపర్ కవర్లు, పెన్సిల్
- ప్లాస్టిక్ టబ్బులు నాలుగు (జి.ఐ. బకెట్లు, ఇత్తడి గిన్నెలు వద్దు)
- లిక్విడ్ డిటర్జెంట్, 0.1 నార్మల్ హైడ్రోక్లోరిక్ యాసిడ్, డిస్టిల్డ్ వాటర్, డీఅయనైజ్డ్ వాటర్
- పౌడర్ లేని నైట్రైల్ గ్లవ్స్
- 65–70 డిగ్రీలు నిలకడగా ఉంచగల గాలి తిరిగే ఓవెన్
- పొడి చేయడానికి అగేట్ రాతి రోలు లేదా అగేట్ మిల్లు. లేకపోతే ప్రత్యామ్నాయం కింద చెప్తాను
- నైలాన్ జల్లెడ
- నాలుగు దశాంశాల బ్యాలెన్స్, డెసికేటర్ (తేమ తగలకుండా చల్లార్చే గాజు పాత్ర)
- గాఢ నైట్రిక్ యాసిడ్ (ట్రేస్ మెటల్ గ్రేడ్ దొరికితే మేలు), 30 శాతం హైడ్రోజన్ పెరాక్సైడ్
- 100 మి.లీ. కోనికల్ ఫ్లాస్కులు లేదా డైజెషన్ ట్యూబులు, వాటిపై పెట్టే చిన్న గాజు గరాటాలు
- 50 మి.లీ. వాల్యూమెట్రిక్ ఫ్లాస్కులు, వాట్‌మన్ 42 ఫిల్టర్ పేపర్, పాలీప్రొపిలీన్ సీసాలు
- పనిచేస్తున్న ఫ్యూమ్ హుడ్, కళ్లద్దాలు, కోటు, యాసిడ్‌కు తట్టుకునే గ్లవ్స్
- విలువలు తెలిసిన రిఫరెన్స్ ఆకు పొడి

చివరిది ఖరీదని చాలామంది వదిలేస్తారు. ఏడాదికి ఒక్క సీసా కొనగలిగినా కొనండి. అమెరికాలోని నిస్ట్ సంస్థ అమ్మే 1515 నంబర్ ఆపిల్ ఆకుల పొడిలో జింక్ సుమారు 12.5 పీపీఎం. మన జింక్ లోపం ఉన్న వరి ఆకు కూడా ఆ దగ్గర్లోనే ఉంటుంది కాబట్టి అది మనకు బాగా పనికొస్తుంది.

ఒక రోజు ముందే: గాజు సామాను

ఫ్లాస్కులు, గరాటాలు, సీసాలు అన్నీ సబ్బుతో కడిగి 10 శాతం నైట్రిక్ యాసిడ్‌లో రాత్రంతా నానబెట్టండి. పొద్దున డీఅయనైజ్డ్ నీళ్లతో మూడుసార్లు తొలిచి, దుమ్ము పడని చోట బోర్లించండి. క్రోమిక్ యాసిడ్‌తో కడిగే పాత అలవాటు ఇక్కడ వద్దు, క్రోమియం గాజుకు పట్టుకుంటుంది. రబ్బరు బిరడాలు పక్కన పెట్టేయండి. రబ్బరు తయారీలో జింక్ ఆక్సైడ్ వాడతారు.

1. ఆకు కోయడం

వరిలో పిలకలు వేసే దశలో, పైనుంచి చూస్తే పూర్తిగా విచ్చుకున్న ఆకుల్లో అన్నిటికంటే లేతదాన్ని తీసుకోండి. ఒకే మడిలో అటూ ఇటూ తిరుగుతూ 25–30 దుబ్బుల నుంచి ఒక్కో ఆకు తీస్తే సరిపోతుంది. గట్టు పక్క దుబ్బులు, తెగులు సోకిన ఆకులు, బురదలో మునిగినవి వద్దు. బాగున్న మడి నుంచి కూడా ఒక శాంపిల్ తీసుకోండి. పక్కన పెట్టి పోల్చుకోవడానికి అంతకు మించింది లేదు.

కోసే ముందు రైతును ఒక మాట తప్పకుండా అడగండి: ఈ మధ్య ఏం పిచికారీ చేశారు? జింక్ సల్ఫేట్ కొట్టి ఉంటే ఆకు మీద అంటుకున్న జింక్‌ను ఎంత కడిగినా పూర్తిగా పోగొట్టలేం. మాంకోజెబ్‌లో మాంగనీస్, జింక్ రెండూ ఉంటాయి. బోర్డో మిశ్రమం, కాపర్ ఆక్సీక్లోరైడ్ అయితే కాపర్. ఇలాంటప్పుడు ఆ మూలకం ఫలితాన్ని నమ్మలేం. మందు కొట్టాక పుట్టిన కొత్త ఆకు కోసం ఆగండి, లేదా రిపోర్టులో ఆ సంగతి స్పష్టంగా రాయండి.

కోసిన ఆకులను పాలిథిన్ సంచిలో మూతి కట్టి బండి డిక్కీలో పడేయకండి. ఎండకు ఉడికిపోతాయి. పేపర్ కవర్లో పెట్టి, వీలైతే ఐస్ బాక్సులో, ఆ రోజే ల్యాబ్‌కు చేర్చండి. కుదరకపోతే రాత్రికి ఫ్రిజ్‌లో, అడుగు అరలో పెట్టండి. కవర్‌కు స్టేప్లర్ పిన్ను కొట్టకండి, మడిచి ఉంచితే చాలు. పిన్ను ఊడి ఆకుల్లో కలిసి, వాటితోపాటే మిల్లులోకి పోయిన సందర్భాలున్నాయి. పేరు, నంబరు పెన్సిల్‌తోనే రాయండి. పెన్ను సిరా తడికి చెదిరిపోతుంది.

2. కడగడం

అసలు తప్పులన్నీ ఇక్కడే జరుగుతాయి కాబట్టి కొంచెం ఎక్కువసేపు చెప్తాను.

ఆకు పచ్చిగా, వాడిపోకుండా ఉన్నప్పుడే కడగాలి. ఎండాక కడిగితే దుమ్ము పోదు సరికదా, పొటాష్ నీళ్లలోకి దిగిపోతుంది. ముక్కలు చేసి కడిగినా అంతే. మొత్తం ఆకునే కడగండి. వరస ఇది:

- మొదటి టబ్బు: కుళాయి నీళ్లలో డిటర్జెంట్, లీటరుకు 2 మి.లీ. చొప్పున. రెండు వేళ్ల మధ్య ఆకును పట్టుకుని, మొదలు నుంచి కొసకు మెల్లగా లాగండి. వరి ఆకు అంచు గరుకుగా ఉంటుంది, కొస నుంచి మొదలుకు లాగితే గ్లవ్ చిరుగుతుంది.
- రెండో టబ్బు: 0.1 నార్మల్ హైడ్రోక్లోరిక్ యాసిడ్. ముంచి, ఆడించి, తీసేయండి. పది పదిహేను సెకన్లు చాలు.
- మూడో టబ్బు: డిస్టిల్డ్ వాటర్.
- నాలుగో టబ్బు: డీఅయనైజ్డ్ వాటర్.

నాలుగూ కలిపి ఒక నిమిషం లోపల అయిపోవాలి. "బాగా నాననివ్వండి సార్, శుభ్రమవుతుంది" అంటారు కొందరు. నానబెడితే దుమ్ముతోపాటు ఆకులోని పొటాష్ కూడా పోతుంది. అయిదారు శాంపిళ్లకొకసారి మొదటి మూడు టబ్బుల నీళ్లు మార్చండి. నాలుగోది ఇంకా తరచుగా మార్చండి. నీళ్లలో లేత ఎరుపు కనిపించిందంటే, మీరు మార్చాల్సిన సమయం దాటిపోయినట్టే.

నేను పనిలో చేరిన కొత్తలో ఒక ల్యాబ్‌లో నలభై వరి శాంపిళ్లు ఇలాగే కడిగాను. అన్నీ పద్ధతి ప్రకారమే చేశాను, చివరి నీళ్లు మాత్రం జి.ఐ. బకెట్లో పట్టాను. యాసిడ్‌లో ముంచిన ఆకు నేరుగా అందులోకే వెళ్లేది. మొదటి పది శాంపిళ్లలో జింక్ ముప్పైల్లో ఉంది, తర్వాత అరవై, చివరికి తొంభై దాటింది. వరసగా పెరుగుతూ పోవడం చూసి మెషిన్ డ్రిఫ్ట్ (రీడింగ్ మెల్లగా పక్కకు జరిగిపోవడం) అనుకున్నాం. రెండు రోజులు ల్యాంపు మార్చాం, స్టాండర్డ్‌లు (గాఢత తెలిసిన ద్రావణాలు) మళ్లీ చేశాం. మూడో రోజు బకెట్ ఖాళీ చేసి చూస్తే లోపల గోడ మీద నీటి మట్టం దాకా పూత మసకబారి, తెల్లటి పొడి పట్టి ఉంది. ఆకులకు అంటుకుని వచ్చిన యాసిడ్ మెల్లమెల్లగా బకెట్ జింక్‌ను తినేసింది. నలభై శాంపిళ్లూ పోయాయి. చేను పిలకల దశ దాటిపోయింది, మళ్లీ తెచ్చుకునే వీలు లేకపోయింది. అందుకే ఫలితాలు శాంపిల్ వరసలో పెరుగుతూనో తగ్గుతూనో పోతుంటే, మెషిన్‌తోపాటు టబ్బునూ అనుమానించండి.

గ్లవ్స్ గురించి కూడా చెప్పాలి. లేటెక్స్ గ్లవ్స్ నుంచి జింక్ దిగుతుంది, పౌడర్ ఉన్నవైతే మరీను. ముఖానికి రాసుకునే సన్‌స్క్రీన్ క్రీముల్లో చాలావాటిలో జింక్ ఆక్సైడ్ ఉంటుంది. ఆ చేత్తో శాంపిల్ ముట్టుకోకండి.

3. ఎండబెట్టడం

కడిగిన ఆకులను శుభ్రమైన ఫిల్టర్ పేపర్ మీద పరిచి నీళ్లు లాగనివ్వండి. కొత్త పేపర్ కవర్లో వదులుగా పెట్టి 65–70 డిగ్రీల ఓవెన్‌లో 48 గంటలు ఉంచండి. పాత మట్టి కవర్లో మళ్లీ పెట్టకండి, ఈ పొరపాటు నేను చాలాసార్లు చూశాను. 80 డిగ్రీలు దాటించవద్దు. తొందరపడి 105లో పెడితే ఆకు మాడి, బరువు లెక్క తప్పుతుంది. ఇనుప ట్రేలు తుప్పు రాలుస్తాయి కాబట్టి కవర్ కింద ఒక ఫిల్టర్ పేపర్ వేయండి.

ఎండిందా లేదా ఎలా తెలుస్తుంది? ఆకు చేతిలో నలిపితే పెళపెళా విరగాలి. నమ్మకంగా కావాలంటే ఒక కవర్‌ను తూచి, నాలుగు గంటల తర్వాత మళ్లీ తూచండి. బరువు మారకపోతే ఎండినట్టు.

4. పొడి చేయడం

స్టీలు బ్లేడున్న మిల్లులు ఇనుము, క్రోమియం, నికెల్, మాంగనీస్ కలుపుతాయి. వరి ఆకులో సిలికా ఎక్కువ కాబట్టి బ్లేడును అది సానరాయిలా అరగదీస్తుంది. అగేట్ రోలు ఉంటే ఐరన్ గురించి బెంగ ఉండదు. అది లేకపోతే స్టెయిన్‌లెస్ స్టీల్ మిల్లులో జింక్, కాపర్, పొటాష్‌లకు పొడి చేసుకోండి. ఐరన్ కోసం మాత్రం ఎండిన ఆకును శుభ్రమైన పాలిథిన్ కవర్లో వేసి చేత్తోనే మెత్తగా నలపండి. ఓపిక పట్టాల్సిన పనే, కానీ ఇనుము కలవదు.

ఇత్తడి జల్లెడ వాడకండి. ఇత్తడి అంటేనే రాగి, జింక్. నైలాన్ జల్లెడలో 0.5 మి.మీ. కంటే సన్నగా దిగాలి. జల్లెడ మీద మిగిలిన ఈనెలను పారేయకూడదు, మళ్లీ నలిపి అందులోనే కలపాలి. ఈనెలో ఉండేదీ, ఆకు పలకలో ఉండేదీ ఒకటి కాదు. మెత్తగా దిగినదాన్నే తీసుకుని ముతకది పారేస్తే మీరు సగం ఆకునే పరీక్షించినట్టు.

రెండు శాంపిళ్ల మధ్య మిల్లును బ్రష్షుతో దులిపి, తర్వాతి శాంపిల్ ఆకు కొద్దిగా వేసి తిప్పి, ఆ పొడి పారేసి, అప్పుడు అసలు శాంపిల్ వేయండి. లోపం ఉన్న ఆకులు ముందు, బాగున్నవి తర్వాత.

5. తూకం

పొడిని 65 డిగ్రీల్లో మరోసారి రెండు గంటలు ఉంచి, డెసికేటర్‌లో చల్లార్చి తూచండి. ఎండిన ఆకు పొడి వానాకాలం గాలిలో తేమను చాలా త్వరగా పీల్చుకుంటుంది. సీసాను తిప్పి, కలిపి, మధ్యలోంచి తీసుకోండి. 0.5 గ్రాము దగ్గరగా వస్తే చాలు, సరిగ్గా 0.5000 కోసం కుస్తీ పట్టనక్కర్లేదు. వచ్చిన అసలు అంకె, ఉదాహరణకు 0.5034, రాసుకోండి. పొడి ఫ్లాస్కు మెడకు అంటుకోకుండా అడుగు దాకా దింపండి. గోడకు అంటుకున్నదాన్ని యాసిడ్ పోసేటప్పుడు కిందికి కడగండి.

ప్రతి ఇరవై శాంపిళ్ల బ్యాచ్‌లో ఇవి ఉండాలి: ఏ పొడీ వేయని బ్లాంకులు మూడు, రిఫరెన్స్ పొడి ఒకటి, ఏవైనా రెండు శాంపిళ్లకు డూప్లికేట్లు, తెలిసినంత జింక్ కలిపిన స్పైక్ ఒకటి. "ఇన్ని చేస్తే మన శాంపిళ్లకు చోటెక్కడ?" అని అడుగుతారు. అవి లేని బ్యాచ్ తప్పొచ్చినా మీకు చెప్పదు. అందుకే నేను ఈ విషయంలో రాజీ పడను.

మార్కర్‌తో ఫ్లాస్కు మీద రాసింది వేడికి, యాసిడ్ ఆవిరికి చెరిగిపోతుంది. హాట్ ప్లేట్ మీద ఏ ఫ్లాస్కు ఎక్కడుందో ఒక బొమ్మ గీసి నోటుబుక్కులో పెట్టుకోండి.

6. డైజెషన్

నేను సలహా ఇచ్చేది నైట్రిక్, పెరాక్సైడ్ పద్ధతి. పెర్క్లోరిక్ లేకుండానే జింక్, కాపర్, మాంగనీస్‌లకు మంచి ఫలితమిస్తుంది.

1. ఫ్యూమ్ హుడ్‌లో ప్రతి ఫ్లాస్కుకు 10 మి.లీ. గాఢ నైట్రిక్ పోయండి. బ్లాంకులకూ అదే సీసా నుంచి, అంతే పోయాలి.
2. గరాటా మూసి రాత్రంతా చల్లగా వదిలేయండి. ఈ మెట్టు దాటేస్తే మర్నాడు నురుగు పొంగి ఫ్లాస్కు బయటికి వస్తుంది.
3. పొద్దున 80–90 డిగ్రీల్లో ఒక గంట. గోధుమ రంగు పొగ వస్తుంది, అది విషం. హుడ్ అద్దం దించే ఉంచండి.
4. మెల్లగా 120 డిగ్రీలకు పెంచండి. పొగ పలచబడి, ద్రావణం 3 మి.లీ. దాకా తగ్గేవరకు ఉంచండి.
5. దించి పూర్తిగా చల్లార్చండి. పెరాక్సైడ్‌ను అర మి.లీ. చొప్పున, గోడ వెంబడి పోయండి. బుసబుస ఆగాకే మరో అర మి.లీ. మొత్తం 2 మి.లీ. వేడి ఫ్లాస్కులో ఒక్కసారిగా పోస్తే ముఖం మీదికి చిమ్ముతుంది.
6. మళ్లీ 120 డిగ్రీల్లో అరగంట. ద్రావణం నీళ్లలా, లేదా లేత గడ్డి రంగులో ఉంటే అయినట్టు. ఇంకా పసుపు ముదురుగా ఉంటే 5, 6 మెట్లు మరోసారి చేయండి.
7. ఎట్టి పరిస్థితిలోనూ ఎండిపోనివ్వకండి. 2 మి.లీ. మిగలాలి.

వరి ఆకులో అడుగున తెల్లటి రేణువులు మిగులుతాయి. "కరగలేదు సార్" అని కంగారు పడతారు. అది సిలికా, ఈ యాసిడ్‌లకు కరగదు. అది పూర్తిగా తెల్లగా ఉంటే సరే. నల్లగా, గోధుమ రంగులో ఉంటే డైజెషన్ పూర్తి కాలేదు. సిలికాలో ఇరుక్కున్న ఇనుము కొంత దిగకపోవచ్చు కాబట్టి ఐరన్ ఫలితం కాస్త తక్కువ చూపిస్తుంది. రిఫరెన్స్ పొడిలో కూడా అదే కనిపిస్తుంది. దీనికోసం హైడ్రోఫ్లోరిక్ యాసిడ్ జోలికి వెళ్లకండి. అది చర్మం గుండా ఎముక దాకా పోతుంది, ముందు నొప్పి కూడా తెలియకపోవచ్చు. శిక్షణ, కాల్షియం గ్లూకోనేట్ జెల్ లేని ల్యాబ్‌లో ఆ సీసా ఉండకూడదు.

ప్రత్యామ్నాయం ఒకటి: డై యాసిడ్. మన దగ్గర ఎక్కువ ల్యాబ్ మాన్యువళ్లలో ఉన్నది నైట్రిక్, పెర్క్లోరిక్ 9:4 మిశ్రమం. బాగా పనిచేస్తుంది, కానీ పెర్క్లోరిక్ పేలగలదు. దాన్ని పచ్చి పొడి మీద ఎప్పుడూ పోయకూడదు. ముందు నైట్రిక్‌తో రాత్రంతా నానాలి, ఆ తర్వాతే మిశ్రమం. నూనె గింజలు, పల్లీలు, నువ్వుల వంటివాటికి ఈ పద్ధతి అసలు వద్దు. నీళ్లతో కడుక్కునే ఏర్పాటున్న పెర్క్లోరిక్ హుడ్ లేకపోతే కూడా వద్దు. మామూలు హుడ్ గొట్టాల్లో పేరుకున్న పెర్క్లోరేట్ తర్వాతెప్పుడో రిపేరు చేసే మనిషి చేతిలో పేలుతుంది. దట్టమైన తెల్లటి పొగ వచ్చి, 2–3 మి.లీ. మిగలగానే దించేయాలి. మధ్యలో ద్రావణం నల్లబడితే వేడి ఆపి, అద్దం దించి దూరం జరగండి. పూర్తిగా చల్లారాకే నైట్రిక్ కలపండి. ఎండిపోతే ప్రమాదం.

ప్రత్యామ్నాయం రెండు: మైక్రోవేవ్. అర గ్రాముకు మించకుండా పొడి, 7 మి.లీ. నైట్రిక్, 1 మి.లీ. పెరాక్సైడ్. పదిహేను ఇరవై నిమిషాల్లో 180–200 డిగ్రీలకు తీసుకెళ్లి, పదిహేను నిమిషాలు అక్కడే ఉంచండి. మీ మెషిన్ మాన్యువల్‌లోని పరిమితులు దాటకండి. గది వేడికి చల్లారేదాకా మూత ముట్టుకోకండి.

ప్రత్యామ్నాయం మూడు: బూడిద చేయడం. హుడ్ సరిగ్గా లేని చోట సిలికా క్రూసిబుల్‌లో 450–500 డిగ్రీల మఫుల్ ఫర్నేస్‌లో నాలుగైదు గంటలు ఉంచి, ఆ బూడిదను పలచని యాసిడ్‌లో కరిగించవచ్చు. వేడిని మెల్లగా పెంచాలి, మంట అంటుకుంటే పొడి ఎగిరిపోతుంది. సీసం, కాడ్మియం కావాలంటే ఇది పనికిరాదు.

7. వడగట్టి, 50 మి.లీ.కి చేర్చడం

చల్లారిన ఫ్లాస్కులో 10 మి.లీ. 1 శాతం నైట్రిక్ పోసి కాస్త వేడి చేయండి. ఫిల్టర్ పేపర్‌ను ముందు 1 శాతం నైట్రిక్‌తో రెండుసార్లు తడిపి, ఆ నీళ్లు పారేయండి. తర్వాత వడగట్టి, ఫ్లాస్కును మూడుసార్లు తొలిచి, ఆ నీళ్లనూ ఫిల్టర్ మీదే పోయండి. గది వేడికి వచ్చాకే 50 మి.లీ. గీత దాకా చేర్చండి. వేడిగా ఉన్నప్పుడు గీత సరిచూస్తే చల్లారాక తగ్గిపోతుంది. మూత బిగించి పదిసార్లు తలకిందులు చేసి కలపండి. ఈ కలపడం మరచిపోయి పైనుంచి తీసిన ద్రావణం తక్కువ చూపించడం మామూలే.

పాలీప్రొపిలీన్ సీసాలోకి మార్చుకోండి. స్టాండర్డ్‌లలో కూడా శాంపిల్‌లో ఉన్నంత నైట్రిక్ ఉండాలి. ఉత్త నీళ్లలో చేసిన స్టాండర్డ్‌తో పోలిస్తే రీడింగ్ తేడా వస్తుంది. ఏఏఎస్ (అటామిక్ అబ్సార్ప్షన్ స్పెక్ట్రోమీటర్, మూలకాలను కొలిచే మెషిన్)లో కాల్షియం చూసేవాళ్లు లాంథనమ్ కలపాలి, లేకపోతే భాస్వరం అడ్డుపడి తక్కువ చూపిస్తుంది.

8. లెక్క

రీడింగ్‌లోంచి బ్లాంక్ సగటు తీసేసి, 50తో హెచ్చించి, తూకంతో భాగించండి. శాంపిల్ రీడింగ్ లీటరుకు 0.28 మి.గ్రా., బ్లాంక్ 0.02, తూకం 0.5 గ్రా. అనుకుంటే: 0.26 × 50 ÷ 0.5 = 26 పీపీఎం. మధ్యలో పలచన చేసి ఉంటే ఆ అంకెతో కూడా హెచ్చించాలి. ఫలితం పది రెట్లు తేడాగా కనిపిస్తే ముందు ఇక్కడే వెతకండి. వరిలో పిలకల దశలో 20 పీపీఎం కంటే తక్కువుంటే జింక్ లోపం ఉండవచ్చని, 15 లోపుంటే చాలావరకు ఉన్నట్టేనని తీసుకుంటారు. అంటే బ్లాంక్‌లో వచ్చే చిన్న తప్పు కూడా రైతుకు ఇచ్చే సలహాను తారుమారు చేస్తుంది.

ఫలితం నమ్మొచ్చా?

*మూడు బ్లాంకులూ ఎక్కువగా, ఒకేలా ఉన్నాయి:* యాసిడ్‌లోనో నీళ్లలోనో ఉంది. కొత్త సీసా తెరిచి చూడండి.

*ఒక్క బ్లాంక్ మాత్రమే ఎక్కువ:* ఆ ఫ్లాస్కు సరిగ్గా కడగలేదు, లేదా దుమ్ము పడింది. బ్లాంకుల్లో ఒకటి అలా ఉందంటే శాంపిళ్లలోనూ కొన్ని అలాగే ఉంటాయి. ఆ బ్లాంక్‌ను తీసేసి మిగతా రెండింటి సగటు వేసుకుని ముందుకు పోవద్దు.

*బ్లాంకులు బాగున్నాయి, శాంపిళ్లు మాత్రం అన్నీ ఎక్కువ:* తప్పు డైజెషన్‌కు ముందుంది. బ్లాంక్ ఆకులా టబ్బులోకి, మిల్లులోకి వెళ్లదు కదా. ఇక్కడ నేను చేసే పని ఒకటుంది. బూడిద మిగలని ఫిల్టర్ పేపర్‌ను ఆకుల్లా పొడవుగా కత్తిరించి, వాటినే ఆకులనుకుని కడిగి, ఎండబెట్టి, పొడి చేసి, డైజెస్ట్ చేస్తాను. అందులో వచ్చిన జింక్, ఐరన్ అంతా మన పనితనం నుంచి వచ్చిందే. కొత్త ల్యాబ్‌లో మొదటి వారం ఇది చేయండి.

*ఐరన్ ఒక్కటే విపరీతంగా ఉంది:* అదే ద్రావణంలో అల్యూమినియం చూడండి. అదీ పెరిగి ఉంటే మట్టి సరిగ్గా పోలేదు. అల్యూమినియం మామూలుగా ఉండి, క్రోమియం, నికెల్ పెరిగి ఉంటే మిల్లు బ్లేడు.

*డూప్లికేట్ల మధ్య తేడా పది శాతం దాటింది:* పొడి ముతకగా ఉంది, లేదా సీసా కలపకుండా తీశారు.

*రిఫరెన్స్ పొడి విలువ అసలుకంటే పది శాతానికి మించి ఎక్కువగానో తక్కువగానో వచ్చింది:* ఆ బ్యాచ్‌ను రిపోర్ట్ చేయకండి. తక్కువ వస్తే డైజెషన్ పూర్తికాలేదా, పొంగిపోయిందా చూడండి. ఐరన్ ఒక్కదానికే తగ్గితే పైన చెప్పిన సిలికా సంగతి గుర్తుంచుకోండి. స్పైక్ 90 నుంచి 110 శాతం మధ్య వెనక్కి రావాలి.

మిగిలిన పొడిని గాలి చొరబడని సీసాలో నంబరుతో సహా దాచండి. ఆ నలభై శాంపిళ్ల రోజు తర్వాత నేను నేర్చుకున్న ఇంకో అలవాటు, కడగని ఆకులు కూడా కొన్ని విడిగా ఫ్రిజ్‌లో ఉంచడం. మళ్లీ చేయాల్సి వస్తే అవి ఉంటాయి.

చివరగా, వేరుశనగ పండించే అనంతపురం, కర్నూలు వైపు నుంచి తరచూ వచ్చే ప్రశ్న ఒకటి. "సున్నం ఎక్కువున్న నేలలో ఆకులు పసుపు తిరిగాయి, ఐరన్ లోపమే అనుకున్నాం. కానీ ఆకులో ఐరన్ బాగానే ఉందని రిపోర్ట్ వచ్చింది." రిపోర్ట్ తప్పు కాకపోవచ్చు. అలాంటి నేలల్లో ఆకులో ఇనుము ఉంటుంది, మొక్క వాడుకునే రూపంలో ఉండదు. మొత్తం ఐరన్ కొలిస్తే అది తెలియదు. దానికి ఆక్టివ్ ఐరన్ చూడాలి. తయారీ కూడా వేరు: ఎండబెట్టకూడదు, యాసిడ్‌లో ఉడికించకూడదు. తాజా ఆకును కడిగి, ఒత్తి తుడిచి, సన్నగా కత్తిరించి 2 గ్రాములు తీసుకోండి. పీహెచ్ 3 దగ్గర ఉంచిన 1.5 శాతం ఆర్థోఫెనాంథ్రోలిన్ ద్రావణం 20 మి.లీ. పోసి 16 గంటలు వదిలేసి, వడగట్టి, 510 నానోమీటర్ల దగ్గర ఎరుపు రంగును కొలవండి. పక్క పొలంలోని పచ్చటి ఆకును కూడా అదే రోజు, అదే ద్రావణంతో చేయండి.